వందన సమర్పణలో ఒప్పుకున్న మాట

మా క్లబ్బులో అధ్యక్ష పదవికి పోటీ ఉంటుంది. కోశాధికారి పదవి కోసం అలకలు కూడా ఉంటాయి. వారం వారం అతిథిని పట్టుకొచ్చే పనికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అది నా నెత్తిన పడింది.

తమిళనాడులో వేలూరుకు దగ్గరి గుడియాత్తంలో మాదొక సేవా సంఘం. పేరు చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. మంగళవారం సాయంత్రం ఒక కల్యాణ మండపం మేడమీద పాతిక ముప్పై మందిమి చేరతాం. అధ్యక్షుడు గంట కొడతాడు. ప్రార్థన అవుతుంది. ఎవరో ఒక అతిథి ఏదో ఒక విషయం మీద మాట్లాడతాడు. తర్వాత వందన సమర్పణ, జనగణమన, ఆపైన బోండాలు, కాఫీ. నడుమ నడుమ కంటి పరీక్షల శిబిరం, రక్తదానం, బడిపిల్లలకు చెప్పులు పంచడం. మా సమావేశం ఇంగ్లీషులో మొదలై, తమిళంలో నడిచి, బోండాల దగ్గరికొచ్చేసరికి తెలుగులో పడుతుంది. మాలో సగం మందికి ఇంటి భాష తెలుగే. తరాలుగా ఇక్కడున్నవాళ్లం. కానీ తెలుగు చదవడం ఒక్కడికీ రాదు. నేను చిన్నప్పుడు చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను కనుక ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను. వాళ్లెవరూ చదవలేరు కనుక ధైర్యంగా రాస్తున్నాను.

నాకు ఇనుప సామాన్ల అంగడి ఉంది. సరుకు కోసం వేలూరు పోతూ వస్తూ ఉంటాను. "ఎట్లాగూ పోతాండావు గదప్పా, వచ్చేటప్పుడు ఒగ గెస్టును గూడా ఏసుకోని రా" అన్నారు, మేకుల పెట్టె పక్కన మనిషిని కూడా బండిలో పడేసుకు రావచ్చన్నట్టు. వేలూరులో డాక్టర్లకూ ప్రొఫెసర్లకూ కొదవ లేదు. కానీ గుడియాత్తం దాకా వచ్చి, పొన్నాడ శాలువా కప్పించుకుని, ఊరికే మాట్లాడి, చల్లారిన బోండా తిని పోయే ఓపిక అందరికీ ఉండదు. అందువల్ల ఎవరు దొరికితే వాళ్లను తెచ్చేవాణ్ణి. విరించిపురం గుడిలో నీడను బట్టి పొద్దు చెప్పే రాయి గురించి ఒక రిటైరైన మాస్టరు చెప్పాడు. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకమ్మాయి మనిషి పాదం గురించి చెప్పింది. పేర్ణాంబట్టు వైపు నుంచి వచ్చిన ఒకాయన తేనెటీగల గురించి చెబుతూ, ఈగలతో సహా పెట్టెను తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆ వేళ ముందు వరసలో ఎవరూ కూర్చోలేదు.

అతిథికి పొన్నాడ కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టడం అన్ని ఊళ్ల క్లబ్బుల్లోనూ ఉన్నదే. మా దగ్గర ఇంకొకటుంది. వందన సమర్పణ చేసే మనిషి, ఆ పూట అతిథి చెప్పినదాంట్లో ఒక్కటైనా తాను చేస్తానని అందరి ముందూ ఒప్పుకోవాలి. క్లబ్బు పెట్టిన పెద్దాయన పెట్టిన నియమం అది. ఊరికే "నన్రి, వణక్కం" అని తమిళంలో ధన్యవాదం, దండం చెప్పి కూర్చుంటే అతిథిని అవమానించినట్టేనని ఆయన అనేవాడట. పెద్దాయన పోయాడు, నియమం మిగిలింది. ఒప్పుకున్నాక చెయ్యకపోతే మరుసటి మంగళవారం నిలదీసేవాళ్లుంటారు. అందుకే వందన సమర్పణ అనగానే మావాళ్లందరికీ ఒక్కసారిగా ఫోన్లు మోగుతాయి.

ఒకాయనకు మాత్రం ఆ పనంటే ప్రాణం. లుంగీల హోల్‌సేల్ వ్యాపారి. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలుస్తాను. ఊళ్లో సగం మంది ఆయన్ని నన్రి అన్న అనే అంటారు. అతిథి ఇరవై నిమిషాలు మాట్లాడితే ఈయన నన్రి ఇరవై అయిదు నిమిషాలు. అధ్యక్షుడికి, కార్యదర్శికి, అతిథికి, అతిథిని కన్నవాళ్లకు, అతిథిని తెచ్చిన కారు డ్రైవరుకు, బోండాలు వేసే అమ్మకు, ఎవరినీ వదిలేవాడు కాదు. ఎండాకాలం కరెంటు పోకుండా ఉంటే కరెంటు ఆఫీసుకు కూడా చెప్పేవాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. మేడమీద ఆయన వణక్కం అంటే కింద బస్సుకోసం నిలబడినవాళ్లు తలెత్తి చూసేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆయన విషయంలో అది నిజం. ఆ గొంతు విని విసుక్కున్నవాణ్ణి చూశాను గానీ నొచ్చుకున్నవాణ్ణి చూడలేదు.

ఒప్పుకున్నవన్నీ చేసేవాడు, అదే చిక్కు. విరించిపురం రాతి గురించి విన్నాక, వారం రోజులు గడియారం చూడనని ఒప్పుకుని, నీడ చూసుకుంటూ తిరిగి, తర్వాతి మంగళవారం బోండాలు అయిపోయాక వచ్చాడు. వాననీటి గురించి ఎవరో చెబితే ఇంటి వాకిలి తవ్వించాడు. తేనెటీగల పెట్టెనైతే మిద్దెమీద పెట్టేశాడు. ఆ మూడో రోజున ఆయన భార్య, అంటే మా వదిన, వాచిపోయిన చెంపతో నా అంగడికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, యాడ పట్టుకోని వస్తాండావు ఈ మనుషుల్ని? గోపురం గురించి చెప్పేవోళ్లు, దేవుడి గురించి చెప్పేవోళ్లు దొరకరా నీకు? కుట్టేవే తేవల్లనా?" అంది.

తప్పు నాదేనని ఒప్పుకుని ఒక కాఫీ తెప్పించాను. ఆమె కాఫీ తాగి, నన్ను తిట్టడం పూర్తిచేసి వెళ్లింది. వదిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో మాటల కోటా అంతా ఆయనే వాడేసేవాడు.

రెండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా మైకు గరగరలాడడం మొదలుపెట్టింది. అట్లాగే అనుకున్నాం. అన్న వందన సమర్పణకు లేచినప్పుడు మాట బొంగురుగా, చివర్లో గాలి మాత్రమే వస్తున్నట్టుగా వినిపించేది. ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్న సభ్యుడొకడు మాకున్నాడు. వైరు మార్చాడు. కుదరలేదు. స్పీకరు డబ్బా మార్చాడు. కుదరలేదు. చివరికి క్లబ్బు తీర్మానం చేసి కొత్త మైకు సెట్టు కొన్నాం, చెన్నై నుంచి తెప్పించి మరీ. దానికి పసుపు కుంకుమ పెట్టి హారతి కూడా ఇచ్చాం. కొత్త మైకులో అన్న గొంతు మరీ అధ్వాన్నంగా వినిపించింది. "ఈ కంపెనీవోళ్లు మోసం జేసినారప్పా" అని ఎలక్ట్రికల్ షాపాయన తల పట్టుకున్నాడు.

నవ్వుకోండి. మేమూ తర్వాత చాలాసార్లు నవ్వుకోబోయి ఆగిపోయాం. అతిథి అదే మైకులో మాట్లాడినప్పుడు గొంతు స్వచ్ఛంగా వినిపిస్తోందన్న సంగతి పాతికమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ గొంతుకేదో అవుతుందని ఎవరైనా అనుకుంటే కదా! ఊళ్లో గడియార స్తంభానికి జలుబు చేస్తుందని ఎవరనుకుంటారు.

ఆ తర్వాత కొన్ని వారాలకు నేను వేలూరు నుంచి ఒక చెవి ముక్కు గొంతు డాక్టరమ్మను తీసుకొచ్చాను. చిన్న వయసు. ఒక బంధువు చెవిపోటు మూలంగా పరిచయం. కారులో వస్తూ తన అమ్మమ్మది పలమనేరని చెప్పింది, కాబట్టి దారంతా తెలుగులోనే కబుర్లు. మండపంలో మాత్రం తమిళంలో మాట్లాడింది. చాలా బాగా మాట్లాడింది. గురక గురించి చెప్పినప్పుడు అందరం పక్కవాడి వైపు చూశాం. అగ్గిపెట్టెల ఊరు కదా మాది, చెవిలో దురద పుడితే చెయ్యి దానంతటదే అగ్గిపుల్ల వైపు పోతుంది. ఆ అలవాటు మానుకోమని ఆమె బతిమాలింది. చివర్లో ఒకమాట చెప్పింది. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే, మిరియాలూ తేనే నాకుతూ కూర్చోవద్దు, వచ్చి చూపించుకోండి అంది. అందరం తలలూపాం. అన్న అందరికంటే గట్టిగా ఊపాడు.

వందన సమర్పణకు లేచాడు. ఆ రోజు మాట బయటికి తియ్యడానికి బాగా అవస్థ పడ్డాడు. మెడ నరాలు పైకి తేలాయి. అయినా ఒక్కరినీ వదలకుండా అందరికీ నన్రి చెప్పాడు. నేను పరిచయంలో చెప్పిన అమ్మమ్మగారి పలమనేరుకు కూడా చెప్పాడు. ఆఖరున, "డాక్టరమ్మ చెప్పినదాంట్లో నేను ఒగటి ఒప్పుకుంటాండా. ఈ పొద్దునించి నా చెవిలో అగ్గిపుల్ల పెట్టను" అన్నాడు. చప్పట్లు కొట్టాం. అధ్యక్షుడు జనగణమన కోసం లేవబోయాడు.

వందన సమర్పణ అయ్యాక ఇక ఎవరూ మాట్లాడకూడదు. అదీ మా నియమమే. డాక్టరమ్మకు ఆ నియమం తెలియదు. తెలిసినా ఆగేది కాదనుకుంటాను. లేచి నిలబడి, అంతసేపూ తమిళంలో మాట్లాడిన మనిషి, తెలుగులో అడిగింది.

"అయ్యా, మీరు అగ్గిపుల్ల మాట ఒప్పుకున్నారు. సరే. చివర నేను చెప్పింది యాల ఒప్పుకోలేదు? మీ గొంతు ఇట్లా ఎన్నాళ్లుగా ఉండాది?"

అన్న ఒక్క క్షణం తడబడి, "అది మైకమ్మా. మైకు సరిగా లేదు" అన్నాడు.

"మైకు కొత్తది" అన్నాడు ఎలక్ట్రికల్ షాపాయన, తన సరుకును ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోలేక. అన్నాక, తానేమన్నాడో తనకే అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్ని నెలలుగా వైర్లూ డబ్బాలూ మారుస్తూ కూర్చున్నాం, ఎదురుగా నిలబడిన మనిషిని ఎవరం చూడలేదు. జనగణమన ఎవరి మానాన వాళ్లం ఏదో పాడాం.

అన్న బోండా ముట్టుకోలేదు. డాక్టరమ్మ కారెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, "ఈ వారంలోనే తీసుకోని రండి. ఆలస్యం చెయ్యొద్దు" అంది. ఆ మాట చెబుదామని పైకి పోతే ఆయన నా మీద విరుచుకుపడ్డాడు.

"పిలిచి, పొన్నాడ కప్పి, నలుగురి ముందర నన్ను రోగం మనిషిని జేసినావు గదప్పా. చిన్నపిల్ల ఆయమ్మకేమి తెలుసు. దుమ్ము. లుంగీల గోడౌన్లో నూలు దుమ్ము. అంతే."

ఆ కోపంలో కూడా మాట సగమే వచ్చింది. మిగతా సగం చేత్తో చెప్పి మెట్లు దిగిపోయాడు.

వారం గడిచింది. ఆయన కదల్లేదు. అంగడికి పోయి అడిగితే లెక్కలున్నాయన్నాడు, మళ్లీ అడిగితే ఆడిమాసం, అదే ఆషాఢం, రానీ అన్నాడు, ఇంకోసారి నన్ను చూడగానే గోడౌన్లోకి పోయి తలుపేసుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకునే రకాన్ని నేను చాలామందిని చూశాను గానీ, తలుపేసుకునే వాణ్ణి ఈయన్నే చూశాను. నాకు ఒళ్లు మండింది. నేరుగా ఇంటికి పోయాను.

వదిన వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. సంగతంతా ఆమెకు తెలుసు. ఊరంతటికీ తెలిసిపోయింది కదా.

"నేను చెప్పలేదనుకుంటాండావా? దినమూ చెప్తాండా. అన్నం మింగేటప్పుడు కండ్లు మూసుకుంటాడు. రేడియోతో వాదన మానేసినాడు. ఊర్లో ఎవురేం చెప్పినా ఇంటాడప్పా, నా మాట తప్ప" అంది. ఇంకో ఈనె లాగి పారేసి, "ఆ మైకు ముందర ఒప్పుకున్నాడంటే మాత్రం ప్రాణం పోయినా చేస్తాడు. నాకు తెలుసు గదా. ఈగలతో కాపరం చేసినదాన్ని" అంది.

ఆ ఆలోచన నాదో ఆమెదో ఇప్పటికీ మేం తేల్చుకోలేదు. నేను మాత్రం అప్పటికప్పుడు, "వదినా, వచ్చే మంగళారం గెస్టు నువ్వే" అన్నాను.

ఆమె చేతిలోని చింతపండు అట్లాగే పట్టుకుని నావైపు చూసింది. "నేనా? మైకులోనా?" అంది. తర్వాత, "కుట్టేదే తెస్తాండావు మల్లా" అంది.

అధ్యక్షుడు ఒప్పుకోవడానికి గింజుకున్నాడు. సభ్యుల ఇళ్లలోని ఆడవాళ్లు ఏడాదికొకసారి కుటుంబ సమావేశానికి పట్టుచీరలతో వచ్చి బిర్యానీ తిని పోతారు. వాళ్లను అతిథిగా పిలిచే ఆచారం లేదన్నాడు. పిలవకూడదన్న ఆచారం కూడా లేదు కదా అన్నాను. విషయం ఏమని వెయ్యాలన్నాడు. 'ఒక శ్రోత అనుభవాలు' అని వెయ్యమన్నాను. ఆయన నవ్వలేదు, కానీ వేశాడు. అతిథి ఎవరన్నది మాత్రం బయటపెట్టలేదు.

మంగళవారం అన్న మామూలుగానే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నాతో మాటల్లేవు. వదిన ఆటోలో వచ్చి, ప్రార్థన అవుతుండగా మెట్లెక్కింది. కొంగు భుజం నిండా కప్పుకుని, ఎవరి వైపూ చూడకుండా నేరుగా వేదిక మీదికి నడిచింది. అన్న ఆమెను చూసి, ఇంట్లో ఏదో జరిగి పిలవడానికి వచ్చిందనుకుని సగం లేచాడు. ఆమె అతిథి కుర్చీలో కూర్చుంది. ఆయన అట్లాగే, పూర్తిగా లేవకుండా, కూర్చోకుండా కాసేపు ఉండిపోయాడు.

నేను పరిచయం చేశాను. నా పరిచయాలు పొట్టిగా ఉంటాయి. ఈయమ్మ మన నన్రి అన్న చెప్పేవన్నీ ముప్పయ్యేళ్లకు పైగా వింటున్నారు, ఈ పూట మనం ఈయమ్మ చెప్పేది వింటాం అన్నాను. పొన్నాడ కప్పారు. ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు మాట్లాడేది రాదు. ఇంట్లో ఆయప్ప మాట్లాడతాడు, నేను ఇంటాను. మీరందరూ ఈడ ఇనేసి ఇంటికి పోతారు. ఆయప్ప అట్లా కాదు. మీ గెస్టులు చెప్పిందంతా ఇంటికి మోసుకోని వస్తాడు. వాకిలి తవ్వినాడు. ఈగలు తెచ్చినాడు. నేను వద్దంటే ఇన్లేదు. పోనీలే, పది మంది ముందర ఒప్పుకున్నాడు గదా అని నేనూ ఊరకుండినా."

అక్కడ కొందరు నవ్వారు. ఆమె నవ్వు ఆగేదాకా ఆగింది.

"ఇప్పుడు నిద్రపోతే ఆయప్ప ఊపిరి గీరుకుంటాది. నేను పక్కన లేసి కూసోని ఇంటాండా. ఆ సద్దు ఆగిపోతే ఏమి జేసేదని భయం. నాకు శానా భయంగా ఉండాది. అదే నేను చెప్పేది. రేపు పొద్దున నాతో వేలూరికి రావల్ల. అంతే. ఇంగేమీ లేదు."

మైకును అధ్యక్షుడి చేతికిచ్చి కూర్చుంది. మా క్లబ్బులో అంత చిన్న ప్రసంగం అంతకు ముందు లేదు. అధ్యక్షుడు ఏం చెయ్యాలో తోచక, వాడుక చొప్పున, "ఇప్పుడు వందన సమర్పణ" అన్నాడు.

ఎవరి ఫోనూ మోగలేదు. అందరం అన్న వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాం. ఆయన లేవకపోతే నేను లేద్దామనుకున్నాను. నేను లేచి ఏం ఒప్పుకుంటాను? ఆయన్ని వేలూరికి తీసుకుపోవడం నా చేతుల్లో ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఆయన రాకపోతే ఏమవుతుందో ఆ హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు, ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

చాలాసేపటికి లేచాడు. మైకు దగ్గరికొచ్చి, అలవాటుగా, అధ్యక్షులవారికి అని మొదలుపెట్టాడు. గొంతు గీరుకుంటూనే కార్యదర్శికి చెప్పాడు, వచ్చినవాళ్లందరికీ చెప్పాడు, బోండాలు వేసే అమ్మకు చెప్పాడు. "ఈనాటి అతిథి" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మైకు పక్కకు తిరిగి, ఆమెకు మాత్రమే చెబుతున్నట్టు, కానీ మాకందరికీ వినబడేట్టు అన్నాడు.

"వస్తాలే. పొద్దున్నే పోదాం. భయం నీకే అనుకుంటాండావా? నాకు గూడా భయమే."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎలక్ట్రికల్ షాపాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆ పని ఆయనకంటే ముందే మొదలుపెట్టాను.

మర్నాడు నా బండిలోనే పోయాం. దారిలో విరించిపురం మలుపు దగ్గర ఆయన కిటికీలోంచి ఎండను చూసి, గొంతు పెగలక, చేత్తో టైము ఎంతయిందో చూపించాడు. నా గడియారంతో పోలిస్తే గంట తేడా ఉంది. ముగ్గురం నవ్వాం.

పరీక్షలకు కొన్ని రోజులు పట్టింది. అదే డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించింది. క్యాన్సర్ పుండు గొంతులోని మాటపెట్టె నిండా పాకింది, పెట్టెను మొత్తంగా తీసెయ్యాలి అంది. ఇంకా ముందే వచ్చి ఉంటే అన్న మాట ఆమె అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"మాట పోతాదా?" అని అడిగాడు అన్న.

"ఇప్పుడు మాట్లాడే మాట పోతాది. మనిషి ఉంటారు" అంది.

"మనిషి ఉంటే చాలు" అంది వదిన వెంటనే.

"నీకు చాలులే. పెండ్లయిన నాటినించి నోరు మూసుకోమని అడగతానే ఉండావు గదా" అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆయన వదిన చెయ్యి పట్టుకోవడం నేను చూశాను. ఆ వయసువాళ్లు మా వైపు నలుగురిలో భార్య చెయ్యి పట్టుకోరు.

ఆపరేషనుకు ముందు మిగిలిన రోజుల్లో, మాట్లాడొద్దని డాక్టరమ్మ ఎంత చెప్పినా వినకుండా, ఊళ్లో అందరితోనూ మాట్లాడాడు. పాత బాకీదారులతో, తగువు పడి విడిపోయిన తమ్ముడితో, మునిమాపు పాలు పోసే మనిషితో. నా అంగడికొచ్చి, పనేమీ లేకుండా, మేకుల రకాల గురించి అడిగాడు. నేను ఒక్కొక్కటే వివరంగా చెప్పాను. ఆయనకు మేకులతో పని లేదని ఇద్దరికీ తెలుసు.

ముందే చెప్పేస్తాను, మనిషి బతికే ఉన్నాడు. బాగా ఉన్నాడు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దానిమీద తెల్లటి గుడ్డ. గొంతుకు ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు గానీ అందులో వచ్చే గొంతు తనది కాదని దాన్ని జేబులోనే పెట్టుకుంటాడు. మంగళవారం తప్పకుండా వస్తాడు. వదిన కూడా వస్తుంది. ఇప్పుడు వందన సమర్పణ వంతులవారీగా చేస్తున్నాం. ఎవడైనా అగ్గిపుల్లలాంటి తేలిక మాట ఒప్పుకుని తప్పించుకోబోతే, ఆయన వేలెత్తి కాదంటాడు. వాడు మళ్లీ ఒప్పుకోవాలి.

నా మనసులో ఆగిపోయింది మాత్రం ఆపరేషను రోజు పొద్దున. థియేటరు తలుపు దాకా వదిన, నేను పక్కన నడిచాం. ఆయన చక్రాల మంచం మీద ఆకుపచ్చ గౌనులో పడుకుని ఉన్నాడు. అంత చిన్నగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర నర్సు ఇక మీరు ఆగండంది. మంచం కదలబోతుండగా ఆయన ఒక పేరు పిలిచాడు. ఆడమనిషి పేరు.

వదిన వెనక్కి తిరిగి చూసింది, వరండాలో ఎవరో తెలిసినవాళ్లు వస్తున్నారేమోనని.

వదిన పేరూ ఆయన తల్లి పేరూ ఒకటేనని నాకు అప్పటిదాకా తెలియదు. కోడలిగా వచ్చిన రోజునుంచే ఆ ఇంట్లో ఆ పేరు మూతబడింది. అత్త పేరు పెట్టి కోడల్ని పిలవకూడదు, తల్లి పేరు పెట్టి భార్యను పిలవకూడదు. ఆయన "ఏమ్మే" అనేవాడు, పిల్లలు అమ్మా అనేవాళ్లు, నేను వదినా అన్నాను. ఆ పేరుతో పిలిచేవాళ్లు లేక, ఆమెకే అది తన పేరని గుర్తు రాలేదు. ఊళ్లో అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా మైకులో చదివిన మనిషి, ఆ ఒక్క పేరూ దాచి ఉంచాడు. అది నేనూ ఇక్కడ రాయను.

"నిన్నేమ్మే" అన్నాడు ఆయన.

ఆమె తిరిగి చూసేసరికి మంచం లోపలికి పోతోంది. ఆయన చెయ్యి కొంచెం పైకి లేచింది. తలుపు మూసుకుంది.

బెంచీ మీద కూర్చున్నాం. నేను నీళ్లసీసా ఇస్తే తీసుకుని, మూత తియ్యకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఇంగొగసారి పిలవమని అడిగుండాల్సింది గదప్పా" అంది.